పదిహేడో నంబరు రెజ్యూమె

కొత్తగరువు మునిసిపాలిటీలో ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకోవడం మానేసి ఏడాది దాటింది. ఈ మాట అంటే చాలామంది, ఖాళీలు భర్తీ చెయ్యడం లేదు కాబోలు అనుకుంటారు. భర్తీకేం, లక్షణంగా జరుగుతోంది. మనుషుల్నే తీసుకోవడం లేదు.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు సదాశివ పట్నాయక్. ఇప్పటిదాకా పదకొండు మంది కమిషనర్లకు ఫైళ్ళు పెట్టాను. ఒకాయనకి మొక్కల పిచ్చి ఉండేది. ఇంకొకాయనకి ప్రారంభోత్సవాల పిచ్చి. బస్టాండు మరుగుదొడ్డిని ఆయన మూడుసార్లు ప్రారంభించారు, మూడోసారి లోపల మనిషి ఉండగానే. పన్నెండో వారు ఫణీంద్రనాథ్ గారు. మర్యాదస్తుడు, గట్టిగా మాట్లాడడు, ఫైలు ఆపడు. వచ్చిన నెలకే ఆయన్ని మానవ వనరుల మీద మూడు రోజుల శిక్షణకి రాజధానికి పిలిచారు. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళారు.

తిరిగొచ్చిన రోజున సిబ్బందినందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టారు.

"మిత్రులారా! ఇన్నేళ్ళుగా మనం ఒక ఘోరమైన పొరపాటు చేస్తున్నాం. ఉద్యోగం ఇవ్వడానికి మనిషిని చూస్తున్నాం. మనిషిని చూస్తే ఏమవుతుంది? జాలి పుడుతుంది. కోపం పుడుతుంది. మనవాడే కదా అనిపిస్తుంది. ఇవన్నీ పక్షపాతాలు. అదే రెజ్యూమెని చూస్తే? ఏమీ పుట్టదు. దానినే పారదర్శకత అంటారు. ఇకమీదట ఇంటర్వ్యూలు లేవు, పని పరీక్షలు లేవు. రెజ్యూమె మాట్లాడుతుంది, మనం వింటాం."

శానిటరీ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు. "మరి వాడికి పని వచ్చో రాదో ఎలా తెలుస్తుందండీ?"

"రెజ్యూమెలో రాస్తాడు."

"రాసింది అబద్ధమైతేనండీ?"

"అబద్ధం రాయరాదని నిబంధన పెడతాం," అన్నారు కమిషనర్ గారు. ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. అందులో లోపం ఎక్కడుందో నాకూ వెంటనే తట్టలేదు.

సరిగ్గా అదే వారంలో ప్రభుత్వం మా ఊరికి ఒక శాశ్వత ఉద్యోగం మంజూరు చేసింది. కాగితం మీద దాని పేరు 'జల నియంత్రణ సహాయకుడు'. ఊరి భాషలో వాల్వులు తిప్పేవాడు. ఆ పోస్టు ఎవరిదో కొత్తగరువులో చంటిపిల్లనడిగినా చెబుతుంది. యడ్ల గవరయ్యది. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద ఊళ్ళో నలభై మూడు వాల్వులూ తిప్పుతున్నది ఆయనే. ఏ వాల్వు ఏ సందులో, ఏ బండ కింద ఉందో, దాన్ని ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధికి నీళ్ళు ఎక్కుతాయో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు. వెనకటికి ఒక మ్యాపు ఉండేదట. దాన్ని చెదలు చదివేశాయి.

గవరయ్యకి నలభై నాలుగు నిండి తొమ్మిది నెలలు. శాశ్వత ఉద్యోగానికి వయోపరిమితి నలభై ఐదు. మళ్ళీ ఇలాంటి పోస్టు వచ్చేసరికి ఆయనకి పళ్ళూడిపోతాయి. అదీ సంగతి.

నోటీసు అంటించిన రోజు మధ్యాహ్నం గవరయ్య నా టేబులు దగ్గరికొచ్చి, తువ్వాలు భుజమ్మీంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"బావూ, ఈ రెజ్యూమీ అంటే ఏటండి?"

"నువ్వు చేసిన పనులన్నీ కాగితం మీద రాసివ్వాలి."

"సేసిన పని ఊరందరికీ కనిపిస్తంది గదండి? కుళాయిలో నీల్లొస్తే నాను సేసినట్టు, రాపోతే సెయ్యనట్టు."

"ఊరికి కనిపించినా కమిషనర్ గారికి కనిపించకూడదయ్యా. అది పక్షపాతం."

గవరయ్య, అదేదో పెద్దవాళ్ళకొచ్చే జబ్బు పేరనుకున్నట్టున్నాడు, జాలిగా తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు కూతురి నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం తెచ్చిచ్చాడు. 'యడ్ల గవరయ్య. నీళ్ళు వదుల్తాను. పంతొమ్మిదేళ్ళు. ఎప్పుడూ నాగా పెట్టలేదు.' అంతే. మా ఆఫీసుకి వచ్చిన కాగితాల్లో అంత తక్కువ మాటల్లో అంత నిజం ఉన్నది నేనింకోటి చూడలేదు. దానికి కమిషనర్ గారు నూటికి మూడు మార్కులు వేశారు. కాగితం శుభ్రంగా ఉన్నందుకు నాలుగు వేసి, పేరు రాసినందుకు ఒకటి తగ్గించారు. పేరు చూస్తే కులం, ఊరు, ఆడా మగా అన్నీ తెలిసిపోయి పక్షపాతం పుడుతుందని పేర్లు నిషేధించి, నంబర్లు పెట్టారు. గవరయ్య పేరు మీద ఆయనే స్వయంగా నల్ల స్కెచ్ పెన్నుతో పులిమి, మార్జిన్లో ఇలా రాశారు: 'క్రియాపదాలు బలహీనం. లక్ష్యం పేర్కొనలేదు. అభ్యర్థికి నీరు తప్ప వేరే దృక్పథం ఉన్నట్టు కనబడదు.'

గడువులోపల ఎన్నిసార్లైనా సవరించి ఇచ్చుకోవచ్చన్నది ఒక్కటే అదృష్టం. ఇంకా నాలుగు రోజులుంది. నేను గవరయ్యని వెంటబెట్టుకుని బస్టాండు పక్కనున్న ఝాన్సీ జిరాక్స్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్ళాను.

ఝాన్సీ ముప్ఫై ఏళ్ళ మనిషి. డిగ్రీ పాసై, అరవై చోట్లకి సొంత రెజ్యూమె పంపి, ఎక్కడా పిలుపు రాక, ఇతరులకి రాసిపెట్టడం మొదలుపెట్టింది. ఆమె రాసిన రెజ్యూమెలకి ఉద్యోగాలొచ్చాయి. ఆమెకి ఇప్పుడు ఉద్యోగం అక్కర్లేదు.

గవరయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి, కంప్యూటరు ముందు వేళ్ళు విరుచుకుంది.

"జీవితంలో మీ లక్ష్యం ఏంటి బాబాయ్?"

గవరయ్య చాలాసేపు ఆలోచించాడు. "కుమ్మరి ఈదిలో సివరాకర సన్నెమ్మ ఇల్లుంది తల్లీ, ఎత్తు మీద. దానికి నీల్లెక్కాల. దానికెక్కితే అందరికీ ఎక్కినట్టే."

ఆమె టకటకా ఇంగ్లీషులో కొట్టి, నాకోసం తెలుగులో చదివింది. "చిట్టచివరి లబ్ధిదారు వరకు సేవలను చేరవేయుట."

"లీకులు ఎలా కనిపెడతారు?"

"ఇనప కడ్డీ ఓ కొస పైపు మీద ఆనించి, రెండో కొస సెవికి పెట్టుకుంటాను. నీరు కారితే లోపల బుస్సుమంటది. పాము కాదు గదాని ఓపాలి సూసుకుంటాను."

"ధ్వని ఆధారిత లోప నిర్ధారణలో పంతొమ్మిది సంవత్సరాల అనుభవం. ఎవరితోనైనా గొడవలొస్తాయా?"

"రోజూ వస్తాయి. బిందిలు పట్టుకుని తిడతారు. తిట్టినంతసేపూ నిలబడి వింటాను. మరెల్లి ఇంకో సుట్టు తిప్పుతాను."

"వినియోగదారుల అభిప్రాయ సేకరణ, తక్షణ పరిష్కారం. పనికి అడ్డంకులేవైనా?"

"వాల్వు గుంట మీద ఆంబోతు పడుకుంటాది."

"క్షేత్రస్థాయి అవరోధాల నిర్వహణ. మరి ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తారు?"

గవరయ్య సిగ్గుపడ్డాడు. "సుట్ట కాలుస్తానమ్మా."

"చుట్ట కాలుస్తూ ఏం చేస్తారు?"

"ఏటీ సెయ్యను. ఊరికే కూకుంటాను."

"ధ్యానం," అని కొట్టింది ఝాన్సీ.

రెండు పేజీలు బయటికొచ్చాయి. వేడివేడిగా, అంచుకి నీలంరంగు గీతతో. నేను అక్షరం వదలకుండా చదివాను. ఒక్క అబద్ధం లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఆ కాగితానికి పదిహేడో నంబరు పడింది. తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి. మిగతా రెండూ, పూర్తి మార్కులు వేసే సంప్రదాయం లేనందున తగ్గించారు. రెండో స్థానం తొమ్మిదో నంబరుది, అరవై ఒకటి. మొత్తం ఆఫీసు సిబ్బంది రెజ్యూమెలు కూడా కమిషనర్ గారు అభ్యాసం కోసం దిద్దారు. నాకు ముప్ఫై రెండొచ్చాయి.

ఫలితాల రోజున ఆయన పదిహేడో నంబరుని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కళ్ళు చెమర్చినట్టే ఉన్నాయి.

"పట్నాయక్ గారూ, ఇటువంటి వ్యక్తి ఈ ఊళ్ళో ఉన్నాడంటే నమ్మగలరా? దీన్ని వెంటనే నమూనా రెజ్యూమెగా ప్రధాన కార్యాలయానికి పంపండి. ఒరిజినల్ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి."

"చిత్తం. నియామకపు ఉత్తర్వు రాసెయ్యమంటారా సార్?"

ఆయన నావైపు బాధగా చూశారు. "ఇంతటి ప్రతిభావంతుణ్ణి వాల్వులు తిప్పడానికి పెట్టమంటారా? చరిత్ర మనల్ని క్షమిస్తుందా? ఈయన ఆ పోస్టుకి మించిన అర్హుడు. ఆ పోస్టు తొమ్మిదో నంబరుకి ఇవ్వండి. పదిహేడో నంబరుకి సముచిత హోదా కల్పించేవరకు ఆ పత్రాన్ని గౌరవంగా కాపాడుదాం."

నేను ఉండబట్టలేక అన్నాను. "సార్, ఆ పదిహేడో నంబరు మన గవరయ్యేనండి. రోజూ వాల్వులు తిప్పుతున్నదీ ఆయనే."

"ఏ గవరయ్య?"

పిలిపించాను. గవరయ్య మోకాళ్ళదాకా బురదతో, లుంగీ ఎగ్గట్టి వచ్చి, గుమ్మం బయటే ఆగి లుంగీ దించుకుని లోపలికొచ్చాడు. కమిషనర్ గారు కాగితం చూశారు. మనిషిని చూశారు. మళ్ళీ కాగితం చూశారు.

"ధ్వని ఆధారిత లోప నిర్ధారణ... మీరేనా?"

"నాను యడ్ల గవరయ్యనండి."

"భాగస్వామ్య పక్షాలతో మీ సంప్రదింపుల విధానం ఏమిటి?"

"మరేటండి?"

కమిషనర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖంలో కోపం లేదు, తద్దినానికి పిలిస్తే పెళ్ళివారొచ్చినట్టు అయోమయం ఉంది. గవరయ్యని ఇంటికి వెళ్ళమని, నా చేత మెమో రాయించారు. అది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

'ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, పదిహేడో నంబరు రెజ్యూమెకును, దానిని సమర్పించిన వ్యక్తికిని మధ్య గణనీయమైన వ్యత్యాసము గమనించడమైనది. పరిశీలించగా రెజ్యూమెలో ఎట్టి లోపమును లేదు. కావున సదరు వ్యక్తి పదిహేను దినములలోగా తనను తాను రెజ్యూమెకు అనుగుణముగా సవరించుకొని హాజరు కావలెను. అంతవరకు ఏ వాల్వునూ తాకరాదు.'

మెమో నేనే గవరయ్య ఇంటికి పట్టుకెళ్ళి చదివి వినిపించాను. ఆయన కాగితం మడిచి చూరులో దోపుకున్నాడు. భార్య ఆదెమ్మ మాత్రం చేటలో బియ్యం ఆపి, చెయ్యి నడుముకి పెట్టుకుంది.

"ఇరవై రెండేళ్ళుగా నాను సవరిద్దామని సూస్తన్నాను, నావల్ల గానేదు. మీ ఆపీసరు పదేను రోజుల్లో సవరించీస్తాడేటి? అయితే అలాగే గురక కూడా సూడమను."

గవరయ్య మెమోని నిజంగానే తీసుకున్నాడు. ప్రభుత్వం కాగితం మీద రాసి చెప్పిన పని ఆయన ఏనాడూ చెయ్యకుండా ఉండలేదు. తమ్ముడి బూట్లు తొడుక్కుని రోజూ ఝాన్సీ దగ్గరికి వెళ్ళేవాడు. ఆమె పాపం, దుకాణంలో గిరాకీ లేనప్పుడు ఎదురుగా కూర్చుని నేర్పేది. "బాబాయ్, 'లీకు' అనకూడదు, 'లోపం' అనాలి. 'సన్నెమ్మ' అనకూడదు, 'లబ్ధిదారు' అనాలి." మూడోరోజుకి ఆయన 'లబ్ధిదారు' అనగలిగాడు, కానీ అన్నాక ప్రతిసారీ సన్నెమ్మ వింటే ఏమనుకుంటుందోనని అటూ ఇటూ చూసేవాడు.

నాతో ఒక్కసారే మనసు విప్పాడు. "తెల్లారి నాలుగింటికి మెలకువ వచ్చీస్తంది బావూ. అలవాటు పడిపోనాను. అరుగు మీద కూకుంటాను. సేతులు ఎక్కడెట్టుకోవాలో తెలీదు."

గవరయ్య చివరిసారి తిప్పి వదిలిన వాల్వుల పుణ్యాన ఊరికి మూడు రోజులు నీళ్ళు ఎలాగో నడిచాయి. ఈలోగా తొమ్మిదో నంబరు ఉద్యోగంలో చేరింది. దాని వెంట కంచరాన నిఖిలేష్ అనే కుర్రాడు కూడా వచ్చాడు. ఎంబీఏ చదివాడు. మంచివాడు, పిలిస్తే లేచి నిలబడతాడు. వాల్వు అంటే గుండెలో ఉండేదని మాత్రమే తెలుసు.

మొదటి రోజున పోలీసు స్టేషను ముందు మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి. రెండో రోజున బస్టాండులో బస్సుల కంటే ముందు నీళ్ళే బయల్దేరాయి. కుమ్మరి వీధిలో మాత్రం చుక్క లేదు. మధ్యాహ్నం నిఖిలేష్ నా పక్కనొచ్చి కూర్చున్నాడు. బట్టలు పిండితే ఒక వీధికి సరిపోయేలా ఉన్నాడు.

"ఒత్తిడిలో పనిచెయ్యగలను అని రెజ్యూమెలో రాశాను సార్," అన్నాడు నీరసంగా. "నీటి ఒత్తిడి అనుకోలేదు."

మూడో రోజు పొద్దున కమిషనర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. ముఖానికి పౌడరు రాసుకున్నారు గానీ, స్నానం చేసినట్టు లేదు. ఆయన క్వార్టర్సు కూడా కుమ్మరి వీధి లైను మీదే ఉంది.

"మన పట్టణ జలవ్యవస్థకు సంబంధించిన సంపూర్ణ పరిజ్ఞానం ఎక్కడుంది?" అని అడిగారు.

"గవరయ్య దగ్గరండి," అన్నాను.

"కాదు. పదిహేడో నంబరులో ఉంది. బీరువా తియ్యండి."

అలా మేం ముగ్గురం, అంటే కమిషనర్ గారు, నిఖిలేష్, రెజ్యూమెని అట్టపెట్టెలో పెట్టి రెండు చేతులతో పట్టుకున్న నేను, కుమ్మరి వీధి మొదట్లో ఉన్న పెద్ద వాల్వు గుంట దగ్గరికి వెళ్ళాం. అప్పటికే అక్కడ నలభై మంది ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. ముందు సన్నెమ్మ. డెబ్భై ఏళ్ళుంటాయి, పిడికెడు మనిషి, గొంతు మాత్రం మైకుకి అప్పివ్వొచ్చు.

నిఖిలేష్ గుంటలోకి దిగాడు. కమిషనర్ గారు రెజ్యూమె విప్పి, రెండో పేజీ తీశారు.

"సమగ్ర జల పంపిణీ కేంద్రాల నిర్వహణ," అని తెలుగు చేసి బిగ్గరగా చదివారు.

"సార్, కుడివైపు తిప్పాలా, ఎడంవైపు తిప్పాలా?" గుంటలోంచి నిఖిలేష్.

కమిషనర్ గారు పేజీ తిప్పి చూశారు. "సమతుల్య దృక్పథంతో, అని ఉంది."

"రెండువైపులా తిప్పమంటారా?"

"ఫలితాల ఆధారంగా, అని కూడా ఉంది."

నిఖిలేష్ కళ్ళు మూసుకుని తిప్పాడు. గుంటలోంచి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున లేచి, అతన్నీ, మమ్మల్నీ, పక్కనే ఉన్న మిర్చిబజ్జీల బండినీ తడిపి, ఆగిపోయాయి. కమిషనర్ గారి చేతిలోంచి రెజ్యూమెని లాక్కుని, చొక్కా లోపలికి దోపి కాపాడాను. నా సర్వీసులో అది ఒక్కటే సాహసం.

సన్నెమ్మ ముందుకొచ్చి, నా చొక్కాలోంచి బయటికి కనిపిస్తున్న కాగితాన్ని వేలితో పొడిచింది.

"బావూ, దీన్ని పిండితే నీల్లొస్తాయేటి?"

కమిషనర్ గారు సమాధానం ఇవ్వడానికి నోరు తెరిచారు. "అమ్మా, విధానపరమైన..."

"నా మనవడికి మూడ్రోజులుగా జొరం. తడిగుడ్డెయ్యడానికి కూడా నీల్లు నేవు. నీ ఇదానం తరవాత. గవిరిగాడెక్కడ?"

నలభై బిందెలు ఒక్కసారి నేల మీద ఆనాయి. ఆ చప్పుడు వింటే ఎవరికైనా పారదర్శకత కలుగుతుంది. కమిషనర్ గారు నా చెవిలో, "వెళ్ళండి, పిలుచుకురండి," అన్నారు.

గవరయ్య ఝాన్సీ దుకాణంలో బూట్లతో స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. లేవలేదు.

"మీరిచ్చిన కాయితంలో తాకొద్దని ఉంది గదండి. ఇంకా తొమ్మిది రోజులుంది. నాను సగమే సవరమైనాను."

"ఊరు ఎండిపోతోంది గవరయ్యా."

"ఎరుగుదును." బూట్ల వైపు చూసుకున్నాడు. "నాను ఎరుగుదును బావూ. మూడ్రోజులుగా ఆ ఈదిలోంచి ఎల్లడం మానీసినాను, మొకం సూపించనేక. కానీ కాయితం నేకుండా ఎల్లి ముట్టుకుంటే, రేపు ఏ పైపు పగిలినా గవరయ్యే పగలగొట్టీసినాడంటారు. పంతొమ్మిదేళ్ళు మాట మీద సేసినాను. ఈ పాలి కాయితమే కావాల."

తలెత్తి అడిగాడు. "సన్నెమ్మ మనవడికి జొరమన్నారు, తగ్గిందేటి?"

"లేదు."

బూటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. "బేగి కాయితం తెండి."

నేను ఆఫీసుకి పరిగెత్తాను. కమిషనర్ గారు తల పట్టుకున్నారు. మెమో రద్దు చెయ్యడానికి వీల్లేదు. రద్దు చేస్తే వ్యక్తికీ పత్రానికీ తేడా లేదని ఒప్పుకున్నట్టు. పత్రం నమూనాగా ప్రధాన కార్యాలయానికి వెళ్ళిపోయింది, ఇప్పుడు మాట మార్చడానికి లేదు. ఆయన్ని ఆ క్షణంలో చూస్తే నాకు జాలి పుట్టింది. అది పక్షపాతమే. నేను కుర్చీ లాక్కుని, ముప్ఫై ఏళ్ళుగా నేర్చుకున్నదంతా వాడి, ఒక ఉత్తర్వు రాశాను.

'పదిహేడో నంబరు రెజ్యూమెను తక్షణమే క్షేత్రస్థాయి విధులకు నియోగించడమైనది. రెజ్యూమెకు నడక లేనందున దానిని శ్రీ యడ్ల గవరయ్య మోసుకొని తిరుగవలెను. అట్లు తిరుగు సమయమున ఏవేని వాల్వులు తిరిగిన యెడల అవి రెజ్యూమె చేతనే తిప్పబడినట్లు భావించవలెను.'

కమిషనర్ గారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. "పట్నాయక్ గారూ, ఇంత చక్కటి ఆలోచన గల మీకు ముప్ఫై రెండు మార్కులెలా వచ్చాయండీ?"

"నేను నిజమే రాశానండి," అన్నాను.

గవరయ్య రెజ్యూమెని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మొలతాడుకి దోపుకుని, గుంటలోకి దిగాడు. ముందు కడ్డీ పైపుకి ఆనించి చెవి పెట్టాడు. నలభై మంది ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టారు. తరవాత సగం చుట్టు ఎడమకి, మూడు చుట్లు కుడికి. పైకొచ్చి ఇంకో సందులోకి, అక్కణ్ణించి గుడి వెనక్కి నడిచాడు. నిఖిలేష్ పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఆయన వెనకే పరిగెత్తుతూ ఎక్కడ ఎన్ని చుట్లో రాసుకున్నాడు. ఎవరూ రాసుకోమనలేదు.

గంటకి వీధి మొదట్లో కుళాయి దగ్గింది. ఇంకో పావుగంటకి ఎత్తు మీద సన్నెమ్మ ఇంట్లో. గవరయ్య ఆ గుమ్మం ముందే నిలబడి, నీటిధార వేలిలావు అయ్యేదాకా కదల్లేదు. సన్నెమ్మ బిందె పెట్టి, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూ తిడుతూ చెంబెడు నీళ్ళు ముంచి, "ఇదిగో, ముందు నువ్వు తాగు," అని చేతిలో పెట్టింది.

వారానికి ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. నమూనా రెజ్యూమె అన్నివిధాలా ఆదర్శప్రాయంగా ఉందనీ, సదరు రెజ్యూమెను వెంటనే శాశ్వత ప్రాతిపదికన నియమించి, చర్య తీసుకున్నట్టు తెలియజేయాలనీ. కమిషనర్ గారు పొంగిపోయారు. పై నుంచి వచ్చిన మాట కాబట్టి మించిన అర్హత అడ్డం రాలేదు. నిఖిలేష్‌ని 'రెజ్యూమె సంరక్షకుడి'గా మార్చారు. దాన్ని రోజూ దుమ్ము దులపడం అతని విధి. ఆ పని రెండు నిమిషాల్లో ముగించి, మిగతా పూటంతా గవరయ్య వెంట గుంటలు తిరుగుతున్నాడు. నలభై మూడింట్లో ముప్ఫై ఒక్కటికి పటం గీశాడు.

నియామకపు ఉత్తర్వు నేనే టైపు చేశాను. 'పదిహేడో నంబరు రెజ్యూమెను జల నియంత్రణ సహాయకునిగా శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది.' అడుగున, మామూలుగా కాగితాలు జతచేసే చోట, ఇలా ఉంది: 'జతపరచినవి: శ్రీ యడ్ల గవరయ్య – ఒకటి.'

చేరే రోజున గవరయ్య తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. కమిషనర్ గారి గదిలో సంతకం పెట్టించి, ఉత్తర్వు కాపీ చేతికిచ్చి సంగతి వివరించాను.

"అయితే పెర్మనెంటు ఆ కాయితానికేనేటండి?"

"కాగితానికే. నువ్వు దాని జత."

"మరి నాకేటైనా అయితే?"

"అది రిటైరయ్యేదాకా పనిచేస్తుంది. నువ్వు కంగారుపడకు."

గవరయ్య నవ్వాడు. తరవాత బీరువా వైపు చూపించి, "ఇన్నాల్లూ మొలలో ఎట్టుకు తిరిగినాను గానీ, ఆ తల్లి సదివినా అందులో ఏటుందో నాకు బోదపడనేదు బావూ. అంతా ఇంగ్లీసు గదా. ఓపాలి సదివి పెట్టండి," అన్నాడు.

తీసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఝాన్సీ మాటలు కాదు, నా మాటల్లో చెప్పాను. ఏటా మూడు వందల అరవై ఐదు రోజులు. రెండు తుఫాన్లు. ఊరికి నీళ్ళు ఆగని పంతొమ్మిది ఎండాకాలాలు. నలభై మూడు గుంటలు, రోజుకి రెండుసార్లు. తోడు ఎవరూ లేరు. గవరయ్య గోడకి ఆనుకుని నిలబడి, తువ్వాలు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ విన్నాడు.

అయిపోయాక తువ్వాలు భుజమ్మీద వేసుకున్నాడు.

"ఇదంతా ఒక్క మనిసే సేసినాడేటండి?"

"ఒక్కడే."

"ఆ మనిసి ఇంకా బతికే ఉన్నాడా?"

నేను అలవాటు కొద్దీ హాజరు పట్టీ తెరిచి చూశాను. "ఉన్నాడు."

"అయితే ఓపాలి కూకోమనండి బావూ," అని, కమిషనర్ గారి ఎదుట ఉండే కుర్చీని తనే ఇవతలికి లాక్కుని, గవరయ్య కూర్చున్నాడు.